అంతర్వేది, కాకినాడ, రుషికొండ: చిన్న బోటులో సముద్రం మీదికి

జనవరిలో అమావాస్య దగ్గరి రోజుల్లో వారం సెలవు దొరికితే నేను, మా ఆవిడ, మా బావమరిది కలిసి అంతర్వేది నుంచి కాకినాడ, అక్కణ్నుంచి రుషికొండ దాకా వెళ్లొచ్చాం. ప్రతిచోటా చిన్న బోటు ఎక్కాలన్నదే ప్లాను. గుళ్ల గురించి, హోటళ్ల గురించి చాలామంది రాశారు కాబట్టి నేను గాలి, కెరటాలు, బోటువాళ్ల గురించే రాస్తాను.

నరసాపురంలో పంటు ఎక్కి గోదావరి దాటి సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. అన్నాచెల్లెళ్ల గట్టు వైపు, అంటే గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే మొగ దగ్గరికి తీసుకెళ్లమని ఒక పెద్దాయన్ని అడిగాం. ఒడ్డు నుంచి చూస్తే సముద్రం మామూలుగానే ఉంది, మేం డబ్బులు కూడా బయటికి తీశాం. ఆయన మాత్రం పడవ కట్టిన గుంజను చూపించాడు. గుంజ మీద తడి గీత నీటికి జానెడు పైన ఉంది, అంటే ఆటు మొదలై నీరు దిగిపోతోంది. "ఆటు లాగేత్తందండి బాబూ, పైనుంచి ఎదురుగాలి తగిలింది. ఇప్పుడు మొగలోకెళ్తే కెరటం నిటారుగా లేత్తాదండి. రేపు పొద్దున్నే రండి" అన్నాడు. అటు తేరిపార చూస్తే నిజమే, రెండు పక్కలా నీళ్లు నెమ్మదిగానే ఉన్నాయి కానీ మొగలో ఒక తెల్లటి నురగ గీత అక్కడికక్కడే లేచి విరుగుతోంది. నది నీరు సముద్రంలోకి తోసుకుపోతుంటే గాలి దానికి ఎదురొస్తుంది కదా, అప్పుడు కెరటాల మధ్య దూరం తగ్గి అవి నిలువుగా లేస్తాయి, కింద ఇసుక మేట కూడా ఉంటే అక్కడే విరుగుతాయి. చిన్న పడవ బోల్తా పడేది ఎక్కువగా ఇలాంటి చోటే. మర్నాడు ఏడున్నరకి పోటు ఎక్కుతోంది, గాలి నేల మీంచి సన్నగా వీస్తోంది, అదే మొగ దగ్గరికి ఒంటి మీద చుక్క నీరు పడకుండా వెళ్లొచ్చాం. వచ్చిన బేరం వదులుకుని మమ్మల్ని ఆపిన ఆ మనిషి చేసిందే ఈ ట్రిప్పు మొత్తంలో మాకు దొరికిన గొప్ప సర్వీసు.

బస విషయంలో నా సలహా ఒక్కటే, రేవుకి దగ్గరగా దిగండి. ఏసీ గది దూరంగా తీసుకుంటే టిఫిన్ తిని బయల్దేరేసరికి పది అవుతుంది. ఎండెక్కాక నేల వేడెక్కి సముద్రపు గాలి మొదలవుతుంది, మధ్యాహ్నానికి అది బాగా ముదురుతుంది, పిల్లలతో వెళ్లేవాళ్లకి ఆ తేడా చాలా పెద్దది.

కాకినాడ పూర్తిగా వేరు. గోదావరి తెచ్చిన ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండ్ సుమారు 16 కిలోమీటర్ల పొడవున తూర్పు పక్కన అడ్డుగోడలా ఉంటుంది కాబట్టి లోపలి నీళ్లలో పెద్ద కెరటం ఉండదు. మొదటిసారి సముద్రం మీద బోటు ఎక్కేవాళ్లకి నేనైతే ఇదే చెప్తాను. కాకపోతే ఆ అఖాతం లోతు తక్కువ, పైగా ఉత్తరం వైపు తెరిచి ఉంటుంది. ఈశాన్యపు గాలి గట్టిగా ఉన్న రోజు లోపల కూడా ఊపు తప్పదు. ఆటులో బురద తగులుతుందని మా సరంగు, అంటే బోటు నడిపేవాడు, పన్నెండు కాకముందే తిరుగుముఖం పట్టించాడు. ఇంకాసేపు ఉందామని మా ఆవిడ అడిగినా వినలేదు, అదే మంచిదైంది.

రుషికొండలో ఆ అడ్డు లేదు. దూరం నుంచి వచ్చే ఉబ్బుకెరటం నేరుగా ఒడ్డునే విరుగుతుంది, బోటు ఎక్కడం దిగడం దగ్గరే దెబ్బలు తగిలేది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని నేను ఎక్కించను.

వెళ్లే ముందురోజు రాత్రి, సముద్రం పరిస్థితి ముందుగా చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ వాళ్ల సూచనలు చూసుకునేవాణ్ని. హైదరాబాద్‌లో ఉండే ఆ సంస్థ 7 మీటర్ల వెడల్పు వరకు ఉన్న చిన్న పడవల కోసం ప్రత్యేకంగా హెచ్చరికలు ఇస్తోంది, ఎక్కడ బోల్తా పడే ప్రమాదముందో పది రోజుల ముందు నుంచే చూపిస్తుంది. అందులో కెరటం ఎత్తు ఒక మీటరు అని ఉంటే అన్నీ మీటరే అనుకోకండి. అది మొత్తం కెరటాల్లో అన్నిటికన్నా పెద్దవైన మూడో వంతుకి సగటు, మధ్యలో ఒకటి రెండు దాదాపు దానికి రెట్టింపు కూడా రావచ్చు. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది ధైర్యంగా ఎక్కేస్తారో! మత్స్యకారులు వేటకు వెళ్లొద్దన్న ప్రకటన ఉన్న రోజు మాత్రం ఇంకేమీ చూడక్కర్లేదు, మానేయాలి.

ఆ వారంలోనే ఒకచోట మాకిచ్చిన లైఫ్ జాకెట్లలో రెండింటికి బకిల్స్ విరిగి ఉంటే పురికొసతో కట్టుకోమన్నారు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగి అంతమంది పోయాక కూడా ఇలా అనగలిగారంటే నాకు బాధేసింది. మేం దిగిపోయాం. మా వెనక వరసలో ఉన్న ఒక కుటుంబం కూడా చూసి దిగింది, ఆ చిన్నపాప ఏడుస్తుంటే వాళ్ల నాన్న ఒడ్డునే కూర్చోబెట్టి గవ్వలు ఏరించాడు.