అడవికోడి కోసం నల్లమల వెళ్తే ఎక్కడ దిగాలి?

నల్లమల వెళ్లేవాళ్లలో చాలామందికి పులి కావాలి. అది కనపడక ఉసూరుమంటూ తిరిగొస్తారు. మాకు కావాల్సింది అడవికోడి, అందుకే ఆత్మకూరు–దోర్నాల రోడ్డు మీదున్న బైర్లూటి అటవీశాఖ క్యాంపులో దిగాం. కాటేజీలూ ఉన్నాయిగానీ టెంటే తీసుకోండి, తెల్లారకముందే కూత చెవిలో పడుతుంది. ముందురోజు ఆత్మకూరులో దిగిన లాడ్జిలో అర్ధరాత్రి దాకా పెళ్లి డీజే మోతే.

అడవికోడి కూత ఊరికోడిలా సాగదు. 'కుక్, కయా కయా, కుక్' అని ముక్కలుగా తెగిపోతుంది. రాత్రి చెట్టు మీద పడుకుని, వెలుగు రాగానే దిగి దారి అంచుల్లో ఆకులు గీరుతూ చెదలు, గింజలు ఏరుకుంటుంది. ఎండెక్కితే పొదల్లోకి వెళ్లిపోతుంది. కాబట్టి టిఫిన్ సంగతి తర్వాత చూసుకోండి.

వెదురు పొద దగ్గర చెంచు గైడ్ చెయ్యి అడ్డంపెట్టి "కదలొద్దు సార్" అన్నాడు. బూడిద రంగు ఒళ్లు, నిగనిగలాడే నల్ల తోక, ఎర్ర జుట్టు. బైనాక్యులర్స్‌లో మెడ చూడాలి: ఒక్కో నల్ల ఈక మీద పసుపు మైనం చుక్క రాల్చినట్టు మెరుపు. వెనకాలే పెట్ట, తెల్లటి రొమ్ము మీద ఈక ఈకకీ ముదురు అంచు. మా వాడి చెప్పు కిందో పుల్ల విరిగింది. ఎగరలేదు, తల దించుకుని పరుగే.

రాళ్ల గుట్టల వైపు ఇంకా చిన్నది, తలమీద జుట్టు లేనిది కనపడితే అది జిట్టకోడి. పుంజు కాలికి ఒకటి కాదు, రెండు మూడు ముళ్లుంటాయి.

శ్రీశైలం దారిలోని తుమ్మలబైలు జీపు సఫారీ దుప్పులకు బాగుంటుంది, కోడికి మాత్రం దండగ. జీపు చప్పుడుకే అది మాయం. గోదావరి దాటి మారేడుమిల్లి వెళ్తే అక్కడిది ఎర్ర అడవికోడి. చూడ్డానికి ఊరి పుంజులాగే ఉంటుంది, తోక మొదట్లో తెల్ల కుచ్చు, బూడిద రంగు కాళ్లు చూసి పట్టుకోవాలి. వీకెండ్‌లో అక్కడ బొంగులో చికెన్ జనమే ఎక్కువ, కోడి దొరికేది బొంగులోనే.

ఫిబ్రవరి నుంచి మే లోపు వెళ్లండి, జతకట్టే కాలం కాబట్టి పుంజులు బాగా కూస్తాయి. వానల్లో సఫారీలు ఎటూ ఉండవు. పైగా అప్పుడు పుంజు ఆ మెడ ఈకలు రాల్చేసుకుని బోసిగా ఉంటుంది.