ఆపరేషన్‌కి ముందు మా బాబు ఏడవలేదు

మా చిన్నోడికి నాలుగేళ్లు. గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ ఈ ఆసుపత్రిలోనే చేయించాం. సర్జన్ గారు బాగా చేశారు, సాయంత్రానికే ఇంటికి పంపారు. నేను రాయాలనుకున్నది మాత్రం థియేటర్‌లోకి వెళ్లే ముందు అరగంట గురించి.

మూడేళ్ల క్రితం మా పెద్దమ్మాయికి వేరే చోట టాన్సిల్స్ తీయించాం. థియేటర్ తలుపు దగ్గర నా మెడ పట్టుకుని వదలకపోతే వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి లోపలికి తీసుకెళ్లారు. తర్వాత నెల రోజులు రాత్రిళ్లు ఉలిక్కిపడి లేచేది. అందుకే ఈసారి ముందు రోజు చెకప్‌లోనే మత్తు డాక్టరు గారిని అడిగేశాను, "సార్, వీడికి భయం తగ్గడానికి ముందే ఏమైనా ఇస్తారా?" అని. ఆయన విసుక్కోకుండా కూర్చోబెట్టి చెప్పారు: మిడజోలం అనే మందు నోటి ద్వారా ఇస్తారట, కిలోకి అర మిల్లీగ్రాము లెక్కన 16 కిలోల మావాడికి 8 మిల్లీగ్రాములు, ఇరవై ముప్పై నిమిషాల్లో పనిచేస్తుందట. రాత్రిళ్లు గురక పెడతాడా, జలుబు ఉందా అని గుచ్చి గుచ్చి అడిగారు. గురక ఎక్కువగా ఉన్న పిల్లలకి ఈ మందుతో ఊపిరి ఇబ్బంది రావచ్చు కాబట్టి అలాంటివి ఉంటే దాచకండి.

మందు బాగా చేదు. సిస్టర్ గారు సూది లేని సిరంజితో బుగ్గ పక్క నుంచి కొంచెం కొంచెంగా పోశారు, వేలికి ఆక్సిజన్ క్లిప్ పెట్టారు. పావుగంటకి మాటలు ముద్దముద్దగా వచ్చాయి. బొమ్మ కారుని నా మోచేతి మీద నడుపుతూ "అమ్మా, లైట్లు రెండున్నాయి" అని నవ్వాడు. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే నా వైపు చూశాడంతే, ఏడవలేదు. లోపలికి వెళ్లిన సంగతి ఇప్పుడు అడిగితే గుర్తే లేదంటాడు, ఆ మందు గుణమే అంతట.

ఒక్క తప్పు మాత్రం చెప్పాలి. మందు తాగాక పిల్లలు తూలతారని మాకు ఎవరూ చెప్పలేదు. బాత్రూమ్ అంటూ మంచం దిగబోయి ఒరిగిపోయాడు, పక్కనే ఉండి పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. ఆ మంచానికి పక్క కమ్మీలు కూడా లేవు. దయచేసి ముందు అవి పెట్టించండి.

పిల్లలకి ఆపరేషన్ ఉన్నవాళ్లు ఈ మందు గురించి చెకప్ రోజే అడగండి. ఆపరేషన్ రోజు పొద్దున్న ఆ హడావిడిలో అడిగితే వివరంగా చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.