చెన్నై రిచీ స్ట్రీట్‌లో ఒక హార్డ్ డిస్క్ మరమ్మతు దుకాణం

పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసినన్నాళ్లూ మా నాన్నగారు తీరిక వేళల్లో నాటక పద్యాలు పాడి టేపుల మీద రికార్డు చేసుకునేవారు. ఆయన పోయాక మిగిలిన 41 క్యాసెట్లను రెండేళ్ల పాటు ఒక్కొక్కటిగా ఇంటి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. గత నెలలో ఆ ఫోల్డర్ తెరిచిన ప్రతిసారీ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ బిగుసుకుపోయి, 'నాట్ రెస్పాండింగ్' అని చూపించి మూతపడడం మొదలైంది. విండోస్‌లో టాస్క్‌బార్‌నూ డెస్క్‌టాప్‌నూ నడిపేది కూడా ఆ ఎక్స్‌ప్లోరరే కాబట్టి, తెర మీది గుర్తులన్నీ ఒక్కసారిగా మాయమై మళ్లీ వచ్చేవి. ఆ డిస్కులోని గొంతును కాపాడి ఇచ్చిన దుకాణం గురించి ఇది రాస్తున్నాను. ఒక్కరే నడుపుకొంటున్నారు కనుక పేరు రాయవద్దని యజమాని కోరారు, ఆ మాట మన్నిస్తున్నాను.

ముందుగా ఇంటికి పిలిచింది మా పేటలోని మరో టెక్నీషియన్‌ను. విండోస్ పాడైందని చెప్పి, ఆయన డిస్కు లోపాలను వెతికి సరిచేసే విండోస్ సాధనం చెక్‌డిస్క్‌ను 'ఆర్' ఆప్షన్‌తో నడిపించి వెళ్లారు. అది రాత్రంతా నడిచింది. తెల్లవారి చూస్తే మూడు క్యాసెట్ల ఫైళ్లు కనిపించలేదు, వాటి ముక్కలు 'ఫౌండ్' అనే కొత్త ఫోల్డర్‌లో పేర్లు లేకుండా పడి ఉన్నాయి. రెండు రోజులు అంతా బాగానే ఉన్నట్టు అనిపించి, మూడో రోజు మళ్లీ అదే తంతు. ఈసారి ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా వేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. చెక్‌డిస్క్ చెడ్డ సాధనమని నేను అనడం లేదు. కానీ దాని బాధ్యత ఏ ఫైలు ఎక్కడుందో లెక్క ఉంచే ఫైల్ సిస్టమ్‌ను ఒక తీరుకు తేవడమే తప్ప అందులోని ఫైళ్లను దక్కించడం కాదు. పైగా 'ఆర్' ఆప్షన్ డిస్కు మొత్తాన్నీ చదివిస్తుంది కాబట్టి, ప్రాణం మీదికి వచ్చిన డిస్కుకు ఆ శ్రమే చివరి దెబ్బ కావచ్చు.

మౌంట్ రోడ్డు నుంచి రిచీ స్ట్రీట్‌లోకి తిరిగి, ఒక సందులో ఇరుకు మెట్లెక్కితే వస్తుంది ఈ దుకాణం. యజమానిది నెల్లూరు వైపు, తెలుగులోనే మాట్లాడారు. నేను జరిగింది చెప్పడం పూర్తికాకముందే, "అమ్మా, ఇంట్లో దీన్ని ఇంక ఆన్ చేయొద్దండి. ముందు కాపీ తీద్దాం, రిపేరు సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. నాకు ఈ దుకాణం మీద నమ్మకం కుదిరింది ఆ ఒక్క మాటతోనే.

తప్పు డిస్కుదా, ఎక్స్‌ప్లోరర్‌దా అని తేల్చుకున్న తీరును ఆయన నాకు చూపిస్తూ చేశారు. రైట్ క్లిక్ చేసినప్పుడో, ఏ ఫోల్డర్ తెరిచినా ఒకేలాగో ఎక్స్‌ప్లోరర్ కూలిపోతూ ఉంటే, దానికి అతుక్కున్న జిప్ సాఫ్ట్‌వేర్‌లాంటి ఇతర ప్రోగ్రాముల మీద అనుమానపడాలట. ఒకే ఫోల్డర్ దగ్గర బిగుసుకుంటే అనుమానం డిస్కు మీదికి పోతుంది, ఎందుకంటే ఫోల్డర్ తెరవగానే ఎక్స్‌ప్లోరర్ ఒక్కో ఫైలులోకి తొంగిచూసి పాట నిడివి వంటి వివరాలు చదవబోతుంది, డిస్కు మాత్రం పాడైన సెక్టార్ (డిస్కులో డేటా దాచే చిన్న గడి) దగ్గర ఆగి మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉండిపోతుంది. రుజువు కోసం విండోస్‌కు బదులు పెన్ డ్రైవ్‌లోని లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌తో కంప్యూటర్ నడిపి అదే ఫోల్డర్ తెరిచారు. అక్కడా అదే చోట ఆగింది. విండోస్ నమోదు చేసుకున్న సంఘటనలను చూపే ఈవెంట్ వ్యూయర్‌లో చెడిన బ్లాకును సూచించే 7వ నంబరు ఎర్రర్లు వరుసగా ఉన్నాయి. డిస్కు ఆరోగ్యాన్ని చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పసుపు రంగు గుర్తు, దాని కింద సీ5 వరుసలో 38 అనే అంకె కనిపించాయి. నేను 38 అనే చదివాను. ఆ సాఫ్ట్‌వేర్ ఆ విలువలను మామూలుగా పదహారు ఆధారంగా చూపిస్తుందనీ, అది నిజానికి (3×16)+8 = 56 అనీ, అంటే చదవలేక నిర్ణయం పెండింగ్‌లో పెట్టిన సెక్టార్లు 56 ఉన్నాయనీ వివరించారు. కేబుల్ లోపాన్ని పట్టిచ్చే సీ7 వరుసలో సున్నాయే ఉంది కాబట్టి కేబుల్ మార్చి డబ్బు దండగ చేయలేదు.

తర్వాత డిస్కును విప్పి, బల్ల మీద స్పాంజి ముక్కపై పెట్టి, చిన్న ఫ్యాను దాని వైపు తిప్పారు. పక్కన నేను కొన్న కొత్త 2 టెరాబైట్ల డిస్కు. పాతది 1 టెరాబైటు. కొత్తది దానికన్నా ఒక్క బైటు కూడా తక్కువ కాకూడదని పెద్దదే కొనిపించారు. డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ ముందుగా తేలిగ్గా చదవగలిగిన భాగాలన్నింటినీ దించుకుని, ఎక్కడ ఆగిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుని, మొండికేసిన చోట్లకు ఆఖరున తిరిగివస్తుంది. నల్లని తెర మీద 99.99 శాతం అని పడేసరికి నాలుగో రోజు అయింది. చెక్‌డిస్క్‌ను అప్పుడు నడిపారు, అదీ కాపీ మీదే.

ఫలితం చెబుతాను. కనిపించకుండా పోయిన మూడింటినీ ఆ ముక్కల్లోంచి వెలికితీసి, నా చేత వినిపించి, పేర్లు పెట్టించారు. రెండు ఫైళ్లలో మాత్రం లోపం మిగిలింది. ఒకదానిలో రాగం తీస్తుండగా మధ్యలో టక్కుమని ఒక శబ్దం, అంతే. మేము దాచుకున్న నాణ్యతలో ఒక సెకను పాటకు 1,76,400 బైట్లు పడతాయి. ఒక సెక్టార్ 4,096 బైట్లు కనుక, పోయింది సెకనులో నలభయ్యో వంతు పాటి ముక్క.

పనికి తీసుకున్నది 2,500 రూపాయలు, డిస్కు ఖరీదు వేరు. ఈ పనికి అది న్యాయమైన ధర అని నా అభిప్రాయం. డిస్కు లోపలి నుంచి టకటకమనే చప్పుడు వస్తుంటే మాత్రం తాను ముట్టుకోనని, ధూళి లేని గదిలో తెరిచే ల్యాబుకే పంపాలని ముందుగానే చెప్పేస్తారు.

లోటుపాట్లూ ఉన్నాయి. రెండు రోజులన్న పని నాలుగు రోజులు పట్టింది, మధ్యలో నా ఫోన్లు రెండుసార్లు ఎత్తలేదు. అడిగితే తప్ప బిల్లు రాయలేదు. ఆ మెట్లు మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టం. ఆదివారం తెరవరు. మెట్రోలో వచ్చేవారు గవర్నమెంట్ ఎస్టేట్ స్టేషన్‌లో దిగి నడవవచ్చు. కంప్యూటర్ మొత్తం మోసుకెళ్లనక్కర్లేదు, డిస్కు విప్పడం చేతనైతే అది చాలు.

పాత డిస్కును పారేయకుండా తిరిగి ఇచ్చారు. దాని మీద అంటించిన కాగితంపై తేదీ, 56 అనే అంకె, 'వాడరాదు' అనే మాట ఆయన చేతిరాతలో ఉన్నాయి. రెండో కాపీ కోసం మరో డిస్కు కొని, వచ్చే వారం మళ్లీ ఆ మెట్లెక్కబోతున్నాను.