బుడాపెస్ట్‌లో బస పెస్ట్ వైపే

హంగరీ రాజధాని బుడాపెస్ట్ వెళ్తున్నామని ఎవరు చెప్పినా నేను ముందు మాట్లాడేది గది గురించే. డాన్యూబ్ నదికి ఒక ఒడ్డున బుడా, రెండో ఒడ్డున పెస్ట్. బుడా వైపు కోట కొండ మీద హోటళ్లు చూడటానికి బాగుంటాయి. కానీ పొద్దుగూకాక అక్కడ సందడి తగ్గిపోతుంది, భోజనానికి మళ్లీ కిందికి దిగాల్సిందే. నది ఇవతల, పెస్ట్‌లో దేఆక్ తేర్ అనే కూడలి చుట్టుపక్కల గది చూసుకోండి. మూడు మెట్రో లైన్లు అక్కడే కలుస్తాయి. ఎయిర్‌పోర్ట్ నుంచి 100ఈ బస్సు కూడా అక్కడికే వస్తుంది. పైగా కోట అందం తెలిసేది ఈ ఒడ్డు నుంచే.

దానికోసం క్రూయిజ్ డిన్నర్‌కు డబ్బు పోయనక్కర్లేదు. పార్లమెంటు దగ్గర 2వ నంబర్ ట్రామ్ ఎక్కి కుడి పక్క కిటికీ పట్టుకోండి. డాన్యూబ్, 1849 నాటి చెయిన్ బ్రిడ్జ్, కొండ మీద కోట అన్నీ మామూలు టికెట్‌తోనే కనిపిస్తాయి. చీకటి పడి దీపాలు వెలిగాక ఇంకోసారి ఎక్కండి.

పార్లమెంటు లోపలికి గైడెడ్ టూర్‌లోనే వెళ్లాలి. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. మనకు రేటు యూరప్ వాళ్లకన్నా చాలా ఎక్కువే, అయినా వెళ్లాల్సిందే. గోపురం కింద హంగరీ రాజుల కిరీటం ఉంటుంది, దాని మీది శిలువ పక్కకు ఒరిగి ఉంటుంది. బయటికొచ్చి ఒడ్డు వెంట చెయిన్ బ్రిడ్జ్ వైపు నడిస్తే 60 జతల ఇనుప బూట్లు కనిపిస్తాయి. 1944-45లో యూదులను ఇక్కడ నిలబెట్టి, బూట్లు విప్పించి, కాల్చి నదిలోకి తోసేశారు. వాటిలో చిన్నపిల్లల బూట్లు కూడా ఉన్నాయి. దయచేసి అక్కడ సెల్ఫీలు వద్దు.

తిండికి ఫోవామ్ తేర్‌లోని పెద్ద మార్కెట్‌కు వెళ్లండి. 1897లో కట్టిన ఇనుప దూలాల భవనం, ట్రామ్ దాని దగ్గరే ఆగుతుంది. కింది అంతస్తులో మిరపకాయల దండలు వేలాడుతుంటాయి. పాప్రికా పొడి చూపుకు మన గుంటూరు కారమే, కానీ ప్యాకెట్ మీద ఎడేష్ అని ఉంటే కమ్మగా ఉంటుంది, చీపోష్ అని ఉన్నదే కారం.

శాకాహారులకు లాంగోష్ ఉంది. పిండిని అరచేయి కన్నా పెద్దగా సాగదీసి నూనెలో వేయించి, పైన వెల్లుల్లి, పుల్లటి క్రీమ్, తురిమిన చీజ్ వేస్తారు. వేడి మీదే తినాలి, చల్లారితే సాగుతుంది. మార్కెట్ పై అంతస్తులో రద్దీ ఎక్కువ, ధరా ఎక్కువే. పేటల్లోని చిన్న కొట్లలో చవక. రోజువారీ భోజనానికి ఫోజెలేక్ అడగండి, పాలకూరతోనో బఠానీతోనో చేసే చిక్కటి కూర. పైన మాంసం పెట్టొద్దని ముందే చెప్పాలి. గుయాష్ సూప్‌లో సాధారణంగా గొడ్డుమాంసమే ఉంటుంది.

బిల్లులో సర్వీస్ చార్జి కలిపారేమో చూసుకోండి, కలిపి ఉంటే మళ్లీ టిప్ అక్కర్లేదు. కార్డ్ మెషీన్ యూరోలా, హంగరీ కరెన్సీ ఫోరింట్లా అని అడిగితే ఫోరింట్లే నొక్కండి.