ట్రక్కీలో ఒక స్కీ రెంటల్ షాపు: నా నాలుగు స్టార్లు స్క్రూడ్రైవర్ పట్టుకున్న కుర్రాడికే

కాలిఫోర్నియాలో బే ఏరియా నుంచి చలికాలంలో స్కీయింగ్ కోసం టాహో కొండలకు వెళ్ళే మనవాళ్ళు స్కీలు ఎక్కడ అద్దెకు తీసుకోవాలన్నది ఒక్క లెక్కతోనే తేల్చేస్తారు, ఎక్కడ పది డాలర్లు తగ్గితే అక్కడ. తప్పేం లేదు, కొండ పైకి తీసుకెళ్ళే లిఫ్ట్ టికెట్ ధర చూశాక ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ స్కీలు అన్నిచోట్లా దాదాపు ఒకటే. తేడా ఎక్కడంటే, వాటిని మన కాలికి బిగించే మనిషి దగ్గర. ఆ విషయంలో నాకు బాగా నచ్చింది ఐ-80 హైవే దిగి ట్రక్కీ ఊళ్ళోకి వెళ్ళే దారిలో ఉన్న ఒక చిన్న షాపు. పేరు చెప్పను, శనివారం పొద్దున లైను ఇప్పటికే తలుపు దాటి ఉంటోంది. ఇలాంటి షాపును ఎలా గుర్తుపట్టాలో మాత్రం చెప్తాను.

ముందు బూట్లు. చాలా కౌంటర్లలో షూ సైజు అడిగి, ఏదో ఒక జత ముందు పడేసి, "బాగానే ఉందా?" అంటారు. మొదటిసారి వేసుకునేవాడికి బాగుండటం అంటే ఏంటో ఎలా తెలుస్తుంది? వదులుగా ఉన్నదే హాయిగా అనిపిస్తుంది, అదే తీసుకుంటాడు. ఇక్కడ కుర్రాడు పాదాన్ని సెంటీమీటర్లలో కొలిచాడు (స్కీ బూటు మీద 26.5 అని ఉంటే అది పాదం పొడవు, మామూలు చెప్పుల సైజు కాదు), తర్వాత బూటు లోపలి మెత్తటి భాగాన్ని బయటికి లాగేసి, ఒట్టి ప్లాస్టిక్ డొప్పలో కాలు పెట్టించాడు. వేళ్ళు ముందు తగిలేలా జరిపించి, మడమ వెనక ఎంత ఖాళీ ఉందో తన వేళ్ళు దూర్చి చూశాడు. అదయ్యాక మళ్ళీ అన్నీ పెట్టి, బకిల్స్ బిగించి, మోకాళ్ళు ముందుకు వంచమన్నాడు. అప్పుడు మడమ పైకి లేవకూడదు. చలికి భయపడి రెండు జతల సాక్సులు వేసుకొచ్చినవాళ్ళందరి చేతా ఒక జత విప్పించేశాడు. నిటారుగా నిలబడితే బొటనవేలు బూటు ముందు భాగానికి తగలడం మామూలే, మోకాళ్ళు ముందుకు వంచితే అది కొంచెం వెనక్కి జరుగుతుంది.

అసలు సంగతి బైండింగ్. బూటును స్కీకి పట్టి ఉంచే క్లిప్ అది. పడినప్పుడు టక్కున ఊడిపోవాలి, మామూలుగా తిరుగుతున్నప్పుడు ఊడకూడదు. ఎంత బలం పడితే ఊడాలన్నది ముందు ఒక స్క్రూ, వెనక ఒక స్క్రూ తిప్పి పెడతారు, చిన్న కిటికీలాంటి చోట నంబరు కనిపిస్తుంది. ఆ నంబరు నోటికొచ్చినట్టు పెట్టేది కాదు. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మనం ఎంత దూకుడుగా స్కీ చేస్తామన్నది, ఇవన్నీ చార్టులో చూసి తేలుస్తారు. ఈ కుర్రాడు బూటును బోర్లించి మడమ పక్కన చెక్కి ఉన్న 305 మిల్లీమీటర్ల అంకె చదివి టాబ్లెట్లో కొట్టాక, రెండు స్కీలకూ నాలుగు చోట్లా స్క్రూలు తిప్పాడు, తర్వాత మళ్ళీ ఒకసారి కిటికీలు చూశాడు. ఆ రెండోసారి చూడటానికే నేను డబ్బులిచ్చాననుకుంటాను.

మా బావగారికి 52. ఫారంలో స్కీయర్ టైపు దగ్గర ఒకటి (అంటే నెమ్మదిగా, జాగ్రత్తగా వెళ్ళేవాళ్ళు) అని రాయడానికి ఆయనకు మనసొప్పలేదు, రెండు అంటే కాస్త గౌరవంగా ఉంటుందని ఆయన లెక్క. కుర్రాడు నవ్వి, ఇది మార్కుల షీటు కాదు, నంబరు పెంచిన కొద్దీ స్కీ ఊడటం కష్టమవుతుందని చెప్పి, ఒకటే ఉంచాడు. పైగా యాభై దాటినవాళ్ళకు చార్టులో ఒక మెట్టు కిందకి దింపి పెడతారట. బరువు దగ్గర కూడా అంతే, మొహమాటపడి తగ్గించి చెప్తే స్కీ ఊరికే ఊడుతుంది, గొప్పకి ఎక్కువ చెప్తే ఊడాల్సినప్పుడు ఊడదు.

పోయినేడాది మా ఆఫీసు ఫ్రెండ్ ఒకడు కొండ మీదే ఉన్న వేరే కౌంటర్లో తీసుకున్నాడు. ఫారం నింపమన్నారు గానీ స్క్రూల వైపు ఎవరూ చూసినట్టు లేదు. బన్నీ స్లోప్ (కొత్తవాళ్ళు నేర్చుకునే చిన్న వాలు) మీద, దాదాపు ఆగిపోయాడనుకున్న సమయంలో వెనక్కి పడ్డాడు, స్కీ ఊడలేదు, మోకాలి లిగమెంట్ తెగింది. బైండింగే కారణమని నేను అనను, ఎందుకంటే సరిగ్గా పెట్టిన బైండింగ్ కూడా మెల్లగా మెలితిరుగుతూ వెనక్కి పడితే కొన్నిసార్లు మోకాలిని కాపాడలేదు. అందుకే కుర్రాడు ఇంకో మాట చెప్పాడు, పడిపోతుంటే పడిపోండి, జారుతూనే లేవాలని చూడకండి, చేతులు ముందుకే ఉంచండి. కర్రల పట్టీని మణికట్టుకి తగిలించుకోవద్దని కూడా అన్నాడు. పడినప్పుడు కర్ర చేతిలోనే ఉండిపోతే బొటనవేలి మొదట్లో లిగమెంట్ పోతుందట. డాక్టర్లు దాన్ని స్కీయర్స్ థంబ్ అంటారు.

హెల్మెట్ కూడా అద్దెకు తీసుకోమన్న షాపు మాట మాత్రం నేను వినలేదు. వాళ్ళ అద్దె హెల్మెట్లు శుభ్రంగానే ఉన్నాయి, కానీ గట్టి దెబ్బ ఒక్కటి తిన్నాక హెల్మెట్ పని అయిపోయినట్టే, పైకి ఏమీ కనబడకపోవచ్చు, ఇంతకు ముందు ఎవరు ఎక్కడ గుద్దుకున్నారో మనకేం తెలుసు. సొంతది కొనుక్కోండి, లోపల స్కీ హెల్మెట్ల భద్రతా ప్రమాణాలైన ఏఎస్‌టీఎం ఎఫ్2040 గానీ ఈఎన్ 1077 గానీ ముద్ర ఉందో లేదో చూడండి. గాగుల్స్‌కీ హెల్మెట్‌కీ మధ్య నుదురు కనబడకూడదు. సైకిల్ హెల్మెట్ పెట్టుకొచ్చేవాళ్ళను కూడా చూశాను, ఏం చెప్పాలో తెలియలేదు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను కూడా ఒకసారి స్కీ మీద నిలబెడదామనుకునేవాళ్ళు వాళ్ళ ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితం ముందే చదవండి. చాలా పాలసీల్లో స్కీయింగ్ అడ్వెంచర్ స్పోర్ట్స్ కింద మినహాయింపుల్లో ఉంటుంది. దెబ్బ తగిలితే సాధారణంగా స్కీ పాట్రోల్ వాళ్ళు (కొండ మీద సహాయం చేసే సిబ్బంది) కొండ కింద వరకు దింపుతారు, అక్కడి నుంచి అంబులెన్సు బిల్లు మనదే.

ఒక స్టారు ఎందుకు కోశానంటే, ఈ షాపులో గ్లవ్స్ అద్దెకివ్వరు, కొనుక్కోవాలి, ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. కాబట్టి ఇంటి నుంచే తెచ్చుకోండి, అల్లినవి కాకుండా నీళ్ళు దిగనివి. అద్దె ప్యాంట్ల జిప్పులు సగం పనిచేయవు. నాకిచ్చిన గాగుల్స్ మీద గీతలున్నాయి, మబ్బు పట్టిన రోజు మంచులో గతుకులే కనబడవు, దానికి ఇవి తోడు. అడిగితే మార్చారనుకోండి, కానీ ముందే చూసివ్వొచ్చు కదా. పిల్లల బూట్లు శనివారం తొమ్మిది దాటితే చిన్న సైజుల్లో దొరకవు, అప్పుడు పెద్దవి ఇచ్చి సర్దుకోమంటే ఒప్పుకోకండి. శుక్రవారం సాయంత్రం మూసే ముందు వెళ్తే లైనూ ఉండదు, కుర్రాడికి తీరికా ఉంటుంది, పైగా అద్దె శనివారం నుంచే లెక్కేస్తారు.