సుబ్బారావు కృషికి ఏ కొలత తగినది: మొత్తం సైటేషన్లా, హెచ్-ఇండెక్సా?

క్యాన్సర్ పరిశోధకుల ప్రచురణలను తూచడానికి నేడు ఎక్కువగా వాడే కొలతలు రెండు: మొత్తం సైటేషన్ల (అంటే ఒకరి పత్రాలను ఇతర పత్రాలు ఉదహరించిన సందర్భాల) సంఖ్య, 2005లో భౌతిక శాస్త్రవేత్త హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు విషయంలో ఈ రెండూ వేర్వేరు చిత్రాలను చూపుతాయి. ఫాస్ఫరస్‌ను రంగు ఆధారంగా కొలిచే పద్ధతిపై సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో ప్రచురించిన పత్రాన్ని దశాబ్దాల పాటు వేల పత్రాలు ఉదహరించాయి కనుక, మొదటి కొలతలో ఆయన స్థానం ఎంతో ఎత్తున నిలుస్తుంది. హెచ్-ఇండెక్స్‌లో అంతటి పత్రమూ ఒక్కటిగానే లెక్కకు వస్తుంది. కనీసం 20 సైటేషన్లు వచ్చిన పత్రాలు 20 ఉంటేనే ఆ సూచిక 20కి చేరుతుంది. ఏళ్ల తరబడి నిలకడగా రాసినవారికి అది న్యాయం చేస్తుంది. సుబ్బారావు వంటివారికి మాత్రం మొదటిదే మేలని నా అభిప్రాయం.

అయితే ఫాస్ఫరస్‌పై రాసిన ఆ పత్రం క్యాన్సర్‌కు సంబంధించినది కాదు. అమెరికా మందుల సంస్థ లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతో లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లల్లో తాత్కాలిక ఉపశమనం కలిగిందని 1948లో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ బృందం ప్రచురించిన పత్రానికి రచయితల్లో సుబ్బారావు లేరు; కాబట్టి, కీమోథెరపీకి బాట వేసిన ఆ పత్రానికి వచ్చిన సైటేషన్లేవీ, చెప్పడానికే బాధగా ఉన్నా, రెండు లెక్కల్లోనూ ఆయన ఖాతాలో చేరవు.