పాత బట్టల సంచితో తొమ్మిదేళ్లు, మూడు దేశాలు

తొమ్మిదేళ్లలో మూడు దేశాలు, ఏడు ఇళ్లు మారాం. ఇల్లు ఖాళీ చేసిన ప్రతిసారీ బయటపడేవి ఎవరూ వేసుకోని బట్టలే. పిల్లాడికి పొట్టివైపోయినవి, మా ఆయనకి ఆఫీసు మారాక అక్కర్లేని కోట్లు, నాకు బిగుతైపోయినవి (మళ్లీ పడతాయని రెండేళ్లు దాచుకున్నాను, ఆ సంగతి వదిలేయండి). పారేయబుద్ధి కాదు, ఇద్దామంటే ఎవరికివ్వాలో తెలియదు. తెలిసిన మనుషుల మధ్య ఉంటే ఎవరికి ఏం కావాలో అడక్కుండానే తెలుస్తుంది, పరాయి దేశంలో పక్కింటివాళ్ల పేరు తెలియడానికే ఏడాది పడుతుంది. అందుకని దొరికిన దారులన్నీ ఒక్కొక్కటిగా వాడి చూశాను. ఏది నచ్చింది, ఏది నచ్చలేదు అన్నది నా లెక్క ప్రకారం చెబుతాను.

మొదటి మూడేళ్లు నేను వాడింది వీధి చివర, పాత బట్టలు వేయడానికి పెట్టిన ఇనప పెట్టె. దానంత సుఖం ఇంకోటి లేదు. రాత్రి పదకొండింటికి కూడా వెళ్లి వేసి రావచ్చు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, భాష రాని రోజుల్లో అదే పెద్ద వరం. మా వీధి పెట్టె మీద నవ్వుతున్న పాప ఫొటో ఉండేది, కింద ఏదో రాసుండేది, నేను చదవలేదు. ఒకరోజు బస్సు ఆలస్యమైతే ఊరికే ఫోన్ కెమెరా పెట్టి అనువాదం చేసి చూస్తే, అది ఏ సేవాసంస్థదీ కాదు, పాత బట్టలు కిలోల లెక్కన అమ్ముకునే కంపెనీది. అందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. వాళ్లు "దానం" అనే మాట కూడా ఎక్కడా వాడలేదు, ఆ పాప ఫొటో చూసి నేనే అనుకున్నాను. మూడేళ్లు చదవకుండా వేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

ఆ తర్వాత ఇవి ఎక్కడికి పోతాయో కొంచెం తెలుసుకున్నాను. పెట్టె కంపెనీదైనా సేవాసంస్థదైనా, పోగైన బట్టల్లో చాలావాటిని రకాలుగా ఏరి, బేళ్లు కట్టి వేరే దేశాలకు అమ్ముతారు. ఘనా రాజధాని అక్రాలో కాంటమాంటో అని పెద్ద పాత బట్టల మార్కెట్ ఉంది, అక్కడికి వారానికి కోటిన్నర బట్టలు వస్తాయని ఒక అంచనా. 2025 జనవరి మొదట్లో అది చాలావరకు కాలిపోయింది కూడా. నైరోబీలో గికొంబా అలాంటిదే. బేల్ విప్పితే మంచివి వచ్చాయా, ఆ వ్యాపారి ఇల్లు గడుస్తుంది. మరకలు, చిరుగులు వచ్చాయా, ఆవిడకి నష్టం, ఆ ఊరికి చెత్త. ఉన్ని బట్టలైతే కొన్ని పానిపట్ చేరి, దారంగా మారి దుప్పట్లవుతాయి. కాబట్టి పెట్టె చెడ్డదని నేను అనను. కానీ వేసేముందు దాని మీద సంస్థ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. ఒట్టి ఫోన్ నంబరే ఉంటే నేను వేయను. జర్మనీలో ఉండేవాళ్లయితే "ఫెయిర్‌వెర్టుంగ్" (పాత బట్టలు సేకరించే సేవాసంస్థల సమాఖ్య) గుర్తు ఉందేమో వెతకండి.

రెండోది చారిటీ షాపులు, అంటే సేవాసంస్థలు నడిపే పాత సామాన్ల షాపులు. కొత్త దేశంలో వీటిని వెతకడానికి నాకు పనికొచ్చిన చిట్కా ఏమిటంటే, స్థానిక భాషలో ఏం టైప్ చేయాలో తెలియనప్పుడు సంస్థ పేరుతో వెతకడం. సాల్వేషన్ ఆర్మీ 1865లో లండన్‌లో మొదలైంది, ఇప్పుడు వందకు పైగా దేశాల్లో ఉంది. అమెరికాలో గుడ్‌విల్, 1902 నుంచి ఉంది. బ్రిటన్‌లో ఆక్స్‌ఫామ్, ఫ్రాన్స్‌లో ఎమ్మాయూస్, ఆస్ట్రేలియాలో విన్నీస్. ఇక్కడ నాకున్న అపోహ ఒకటి చెప్పాలి. నేనిచ్చిన బట్టలు నేరుగా పేదవాళ్ల చేతికి వెళ్తాయనుకునేదాన్ని. వెళ్లవు, షాపులో అమ్ముతారు, ఆ డబ్బు వాళ్ల పనులకు వాడతారు. నా స్వెటర్ ధర చీటీతో హ్యాంగర్‌కి వేలాడుతుంటే చూసి ఒక్క నిమిషం మనసు చివుక్కుమంది, తర్వాత అనిపించింది, పెట్టె కంపెనీ కంటే ఇది నయం కదా అని. బ్రిటన్‌లో పన్ను కట్టేవాళ్లు గిఫ్ట్ ఎయిడ్ ఫారం నింపితే, మీ బట్టలు అమ్మగా వచ్చిన ప్రతి పౌండుకి ఇంకో 25 పెన్నీలు ప్రభుత్వం నుంచి సంస్థకి వస్తాయి. రెండు నిమిషాల పని, నింపండి.

కష్టాలూ ఉన్నాయి. ఎండాకాలం మొదట్లో చలికోట్లు పట్టుకెళ్తే చోటు లేదని తిప్పి పంపారు. ఒక ఆదివారం షాపు మూసి ఉంటే తలుపు పక్కన రెండు సంచులు పెట్టి వచ్చేశాను, పెద్ద మేలు చేసినట్టు. రాత్రి వాన. మర్నాడు వెళ్తే సంచులు తడిసి ముద్దై ఉన్నాయి, తలుపు మీద బోర్డు అప్పుడు కనబడింది, బయట వదిలేస్తే చెత్త వేసినట్టే లెక్క, జరిమానా అని. ఆ బట్టలన్నీ ఇంటికి మోసుకొచ్చి మళ్లీ ఉతికాను. ఉతకడం అంటే గుర్తొచ్చింది, జేబులు వెతకండి. మా ఆయన కోటు జేబులో మా పాత ఇంటి తాళంచెవి వెళ్లిపోయింది, ఇంటి ఓనరుకి తాళం మార్పించిన ఖర్చు మేమే కట్టుకున్నాం.

బట్టల షాపులే పాతవి తీసుకునే పద్ధతి ఒకటుంది, హెచ్ అండ్ ఎమ్ 2013 నుంచి చేస్తోంది. చిరిగినవి కూడా తీసుకుంటారు, కూపన్ ఇస్తారు. ఆ కూపన్ వృథా అవుతుందని నేను ఇంకో చొక్కా కొన్నాను. ఇక దీని గురించి చెప్పేదేమీ లేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది నేరుగా ఇవ్వడం. దానికే అన్నిటికంటే ఎక్కువ శ్రమ. ఒక చలికాలం నాలుగు సంచులు సర్ది, ఇల్లులేనివాళ్ల కోసం నడిపే షెల్టర్‌కి ఫోన్ చేశాను. నాకు వచ్చిన నాలుగు ముక్కల భాషలో పిల్లల బట్టలున్నాయి అంటే, అవతలి ఆవిడ ఎంతో మర్యాదగా వద్దంది. వాళ్ల దగ్గర ఉండేది మగవాళ్లు, కావలసింది పెద్ద సైజు కోట్లు, బూట్లు, కొత్త సాక్సులు. సాక్సులు ఎప్పుడూ చాలవట, ఎవరూ ఇవ్వరట. నాలుగు సంచుల్లోంచి పనికొచ్చినవి రెండు కోట్లు, ఒక జత బూట్లు. డజను సాక్సులు కొని కలిపాను. ఇచ్చింది తక్కువే, కానీ ఆ వారమే ఎవరో ఒకరు వేసుకుంటారని తెలుసు. అప్పట్నుంచి సంచి సర్దకముందే ఫోన్ చేసి "ఇప్పుడు మీకేం కావాలి" అని అడుగుతున్నాను. భాష రాకపోతే మెయిల్ పెట్టండి, అనువాదం చేసుకుని పంపినా జవాబిస్తారు. ఒక్కోసారి వారం పడుతుంది, వీసా అయిపోయి పది రోజుల్లో దేశం వదలాల్సినవాళ్లకి ఇది కుదరదు, వాళ్లు చారిటీ షాపుకే వెళ్లడం మంచిది.

పిల్లల బట్టలకి మాత్రం ఉచితంగా ఇచ్చిపుచ్చుకునే ఆన్‌లైన్ గ్రూపులే. ఫ్రీసైకిల్ 2003లో, బై నథింగ్ 2013లో అమెరికాలో మొదలయ్యాయి, చాలా దేశాలకు పాకాయి. వయసు రాసి ఒక మూటగా పెడితే గంటలో నలుగురు అడుగుతారు. వస్తామని రానివాళ్లూ ఉంటారు, వాళ్ల కోసం శనివారాలు పాడుచేసుకున్నాను. ఇప్పుడు మూట గుమ్మం బయట పెట్టి ఫలానా టైములోపు తీసుకెళ్లమంటాను, టెన్షన్ లేదు.

పెట్టెలు ఎక్కడున్నాయో తెలియకపోతే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ మ్యాప్‌లో చూడండి, చాలా నగరాల్లో వాటిని గుర్తించి ఉంచారు. మునిసిపాలిటీ వెబ్‌సైట్‌లో చెత్త సేకరణ గురించిన పేజీ కూడా విడవకండి. యూరోపియన్ యూనియన్‌లో 2025 జనవరి 1 నుంచి పాత బట్టల్ని విడిగా సేకరించే ఏర్పాటు ఉండాలన్నది నియమం, అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2022 నవంబరు నుంచే బట్టల్ని చెత్తలో వేయొద్దంటోంది.

నాకు ఇప్పటికీ తెగనిది చిరుగుల సంచి. మోకాళ్లు పోయిన ప్యాంట్లు, ఉండలు కట్టిన స్వెటర్లు, జత తప్పిన సాక్సులు. షాపుకి ఇవ్వడానికి సిగ్గు, కూపన్ షాపుకి వెళ్తే ఇంకో చొక్కా కొంటానని భయం. కిందటి ఇంటి నుంచి ఈ ఇంటికి ఆ సంచి మాతోపాటే వచ్చింది, ప్రస్తుతం మంచం కింద ఉంది.